ఏ తారీఖు అని చెప్పాలె

మా ఆయన ఫౌజుల పనిచేసిండని తెలుసు గాని, ఫౌజుల ఏం చేసిండో, ఏం చూసిండో నాకు చానా ఏండ్ల దాంక తెల్వదు. ఆయనది అల్మాస్‌గూడ. మాది తుర్కయంజాల్. సంబంధం మాట్లాడేటప్పుడు మా నాయన అడిగింది ఒక్కటే మాట, పిల్లగాడు ఏయే ఊర్లల్ల ఉండి ఒచ్చిండని. వాళ్లన్న చెప్పిండు: "జమ్ముల ఉన్నడు, అస్సాంల ఉన్నడు, నడుమ కొన్నాళ్లు శ్రీలంకకు పోయొచ్చిండు." మా అమ్మ నవ్వింది. "లంకకు పోయొచ్చిండా, అయితే మన పిల్లను బాగనే చూసుకుంటడు తియ్" అన్నది. శ్రీలంక ముచ్చట మా ఇంట్ల అక్కడికే ఆగిపోయింది.

పెండ్లయిన కొత్తల నేను ఆయనకు ఎడమ దిక్కు నడుసుకుంట ఏమన్న అడిగితే పలకకపోయేటోడు. కోపమొచ్చిందేమో అనుకునేదాన్ని. ఆ చెవి వినపడదని కొన్ని నెలలకు గాని సమజ్ కాలే. ఎట్ల పోయిందంటే "పేలింది" అన్నడు. ఏం పేలిందంటే లేచి బయటికి పోయిండు. ఆ తర్వాత నేను ఎప్పుడూ కుడి దిక్కే నడిచిన.

మా తల్లిగారి పొలం కాడ తాటివనం ఉండె. ఊరోళ్లంత దాని నడుమ నుంచే పోయేటోళ్లు. ఆయన మాత్రం ఎండల పడి చుట్టు తిరిగి రోడ్డు మీదికెళ్లే ఒచ్చేటోడు. మా తమ్ముడు ఎన్నోసార్లు రా బావా అని పిలిచిండు, ఆ చెట్ల కిందికి ఒక్కసారి కూడ రాలే. అల్లునికి గర్వం అనుకున్నరు మావోళ్లు. నేను కూడ కొంత అట్లనే అనుకున్న. ఇప్పుడు ఆ తాటివనం లేదు, అంతా ప్లాట్లయింది.

ఫౌజు నుంచి ఒచ్చినంక ఒక బ్యాంకుల గార్డు పని చేసిండు, అది కూడ అయిపోయింది. వాళ్లన్నలు భూముల యాపారంల దిగి పైకొచ్చిన్రు. మాకు మా ఇల్లుంది, పెన్షనుంది. ఇంటి ముందటి గదిల నేను బట్టలు కుడుత. పిల్ల ఒక్కతే, పెండ్లి చేసినం, వనస్థలిపురంల ఉంటది. ఇవన్ని ఎందుకు చెప్తున్ననంటే, మేము ఎవరి గడప తొక్కి ఏం అడగాల్సిన మనుషులం కాకుండె. అడుగుడు మొదలు పెట్టింది ఉస్తాద్.

ఫౌజుల కొత్తగ చేరినోళ్లకు పని నేర్పే మనిషిని ఉస్తాద్ అంటరు. మా ఆయనకు తుపాకి పట్టుడు నేర్పింది ఆయనే. ఒంగోలు దిక్కు మనిషి. రిటైరైనంక దిల్‌సుఖ్‌నగర్‌ల ఇల్లు తీసుకున్నడు. పోలీసు పరీక్షలకు తయారయ్యేటోళ్లతోని పొద్దుగాల గ్రౌండుల పరుగు ప్రాక్టీసు చేయించేటోడు. ముసలితనంల కూడ నిటారుగ నడిచేటోడు. నన్ను చెల్లెమ్మా అని పిలిచేటోడు. మా ఇంటికొస్తే, ఎవరూ చెప్పకుండనే మా ఆయనకు కుడి పక్కన కుర్చీ వేసుకుని కూసునేటోడు. నేను కాక ఆ సంగతి యాదిల పెట్టుకున్న మనిషి ఆయనొక్కడే.

ఒక ఆగస్టు పదిహేనుకు ఎల్‌బీ నగర్ కాడ ఒక బడిల మాజీ సైనికులకు సన్మానమని పిలిచిన్రు. నేను కూడ పోయిన. మా ఆయన, ఉస్తాద్ ఇద్దరు మెడల్స్ పెట్టుకుని ముందటి వరసల కూసున్నరు. మైకుల ఒకాయన పిలుస్తుండె. డెబ్బై ఒకటి యుద్ధంల ఉన్నోళ్లు రండి అన్నడు. ఒక ముసలాయన కట్టె పట్టుకుని పోయిండు, అందరు చప్పట్లు కొట్టిన్రు. కార్గిల్‌ల ఉన్నోళ్లు రండి అన్నడు, ఇద్దరు పోయిన్రు. ఇగ తర్వాత పిల్లల డాన్సు అన్నడు. మావోళ్లిద్దరు ఒకరి మొకం ఒకరు చూసుకోలే. డాన్సు మొత్తం అయ్యేదాంక కూసుని, చప్పట్లు కొట్టి, బయటికొచ్చినం. మైకు పట్టుకున్నాయన తప్పేం లేదు. ఆయనకు తెల్వదు, అంతే.

రోడ్డు మీద చాయ్ తాగుతుంటే ఉస్తాద్ అన్నడు: "ఒరేయ్ తమ్ముడూ, మనకంటూ ఒక రోజు ఉండాలిరా."

"ఎందుకు ఉస్తాద్?"

"ఎందుకేంటిరా? ఆ లంక దీవికి వెళ్లి తిరిగిరానివాళ్లు ఉన్నారు. కాళ్లు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. దేశమంతా కాకపోతే పోయింది, కనీసం మనమున్న చోటైనా, సర్కారు ఒప్పుకుని, ఫలానా రోజు వీళ్లది అని చెప్పాలి కదా."

"చెప్తే ఏమైతది?" మా ఆయన గ్లాసు కింద పెట్టిండు. "యుద్ధమంటే గెలవాలె, లేకుంటే ఓడాలె. మనం పోయినం, ఒచ్చినం. ఓడ దిగిననాడు రేవుల మన కోసం ఎవలన్న ఉన్నరా ఉస్తాద్? మూటలు మోసేటోళ్లు కూడ మన దిక్కు చూడలే. నాకు ఆ రోజే సమజైంది."

ఓడ ముచ్చట నేను వినుడు అదే మొదలు.

ఉస్తాద్ తన చాయ్ మొత్తం తాగిండు. తర్వాత, "నీకు అక్కర్లేకపోవచ్చు. ఆవిడకి అక్కర్లేదా?" అన్నడు. మా ఆయన పోయి చాయ్ పైసలు ఇచ్చొచ్చిండు.

ఆవిడ అంటే, మా ఆయనతోని ఒక్క టోళిల, అంటే ఒక్క జట్టుల ఉండి, ఆ దీవిలనే చనిపోయినాయన భార్య. యాచారం దిక్కు ఊరామె. చిన్న వయసులనే మొగడు పోతే, బిడ్డను చంకనేసుకుని పట్నమొచ్చి, దిల్‌సుఖ్‌నగర్‌ల ఒక ఆడపిల్లల హాస్టల్‌ల వంట పనిల చేరింది. కోచింగులకు వచ్చే ఎంతమంది పిల్లలకు అన్నం పెట్టిందో లెక్క లేదు. నేను ఆమెను అక్కా అంట. ఆమె మా ఆయనను తమ్మీ అంటది.

ఆమె బాధ వేరే. మొగడు పోయిండని ఒచ్చిన టెలిగ్రాంల ఒక తారీఖు ఉండె. కొన్ని నెలలకు సెలవు మీద ఒచ్చిన ఉస్తాద్ ఆ ఇంటికి పోయి, జరిగింది చెప్పినప్పుడు ఇంకో తారీఖు చెప్పిండు. శవం ఇంటికి రాలే. కాష్ఠం అక్కడనే అయింది. ఒక చిన్న కుండల బూడిద ఒచ్చింది, దాని మీద తారీఖు లేదు. మొదటి ఏడు ఆమె రెండు తారీఖులల్ల ఏడాదిమాసికం పెట్టింది. రెండో ఏడు అత్త కోపం చేసింది, ఒక్క మనిషికి రెండు చావులేందని. అప్పటి సంది రెండూ బంద్ చేసి, పెత్రమాస నాడు బియ్యమిచ్చుడు మొదలు పెట్టింది.

"పెత్రమాస నాడు తారీఖు తెల్వనోళ్లకు, దిక్కులేనోళ్లకు అందరికీ కలిపి ఇస్తరు చెల్లె," అన్నది ఒకసారి నాతోని, హాస్టల్ వంటగదిల బీరకాయలు గీక్కుంట. "అదే రోజు ఎంగిలిపూల బతుకమ్మ. పొద్దుగాల అయ్యగారికి బియ్యమిచ్చి, మాపటికి ఈ పిల్లలకు పూలు తెచ్చియ్యాలె. నా మొగడు దిక్కులేనోడా? కొలువుల ఉండి సచ్చిపోయిండు. సర్కారోళ్లనే ఏదో ఒక రోజు పెట్టమను. తప్పు రోజైనా సరే. వాళ్లు చెప్పిన్రు అని నేను పట్టుకుంట."

ఉస్తాద్ ఈ మాట విన్నంక ఇగ ఆగలే.

అట్ల మొదలైంది తిరుగుడు. ఉస్తాద్, అక్క, నేను. మా ఆయన మా ఎంబడి ఒచ్చేటోడు గాని లోపటికి రాకపోయేటోడు, బండి కాడనే నిలబడేటోడు. మొదటి ఆఫీసుల మాకు దొరికిన క్లర్కు మంచోడే. కూసోమన్నడు, నీళ్లిచ్చిండు.

"శ్రీలంకతోని మనకు యుద్ధం ఎప్పుడైంది సార్?" అని అడిగిండు.

"వాళ్లతో కాదు బాబూ," అన్నడు ఉస్తాద్.

"మరి ఎవలతోని?"

"అక్కడ తమిళుల కోసం పోరాడేవాళ్లు ఉన్నారు కదా, వాళ్లతో."

"తమిళోళ్లకు మనం సాయం చేసినమని విన్న గద సార్."

"తమిళుల్ని కాపాడటానికే వెళ్లాం. శాంతి నిలబెట్టమని పంపించారు మమ్మల్ని."

క్లర్కు కలం చేతిల పట్టుకుని ఆగిండు. "అంటే, కాపాడనీకి పోయిన కాడనే కొట్లాడాల్సి ఒచ్చింది."

"అవును."

"మరి ఎవలు గెలిచిన్రు?"

ఉస్తాద్ ఏదో చెప్పబోయి, చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని కూసున్నడు. గ్రౌండుల వందమందికి వినపడేటట్టు అరిచే మనిషి. ఆ క్లర్కు ఎక్కిరించలే. పాపం, నిజంగనే అడిగిండు. "నేను పై సారుకు ఎట్ల రాసి పంపాలె? రెండు లైన్లల్ల చెప్పున్రి" అన్నడు. రెండు లైన్లల్ల చెప్పేటిది కాదది. ఇంటికొచ్చినంక ఉస్తాద్ మా ముందటి గదిల కూసుని, రెండు లైన్లు చేయనీకి చానాసేపు తిప్పలు పడ్డడు. ఏది రాసినా సగమే నిజమనిపిస్తుండె.

ఆ ఆఫీసోళ్లు ఇంకో ఆఫీసు చెప్పిన్రు. అక్కడ ఇది మా చేతిల లేదన్నరు, ఢిల్లీ సంగతన్నరు. ఒక లీడరు ఇంటికి పోతే, ఆయన ఉస్తాద్‌తోని ఫొటో దిగి పంపించిండు. ఒక్కోసారి మెట్రో దిగి, ఎండల నడిచి పోయేసరికి సారు మీటింగుల ఉన్నడనేటోళ్లు. అక్క హాస్టల్‌ల అడుక్కుని సగం పూట సెలవు పెట్టి ఒచ్చేది, మాపటి వంటకు మళ్ల ఉరికేది. ఏండ్లు గడిచినయి. ఆ దేశపోళ్లు మనోళ్ల పేర్లు చెక్కి ఒక రాయి పెట్టిన్రని ఉస్తాద్ ఎక్కడనో చదివి ఒచ్చి చెప్పిండు. "పరాయివాళ్లు పెట్టారు చెల్లెమ్మా" అన్నడు. ఆ రోజు చాయ్ కూడ తాగలే.

ఒక ఎండాకాలం పొద్దుగాల గ్రౌండుల పిల్లలను ఉరికిస్తుంటే ఉస్తాద్ గుండె ఆగిపోయింది. దవాఖానకు తీసుకపోయేటాలకే అయిపోయింది. కొడుకులు ఊరికి తీసుకపోయిన్రు. మా ఆయన ఎల్‌బీ నగర్‌ల బస్సెక్కి పోయి, మర్నాడు ఒచ్చిండు. కాళ్లు కడుక్కుని కూసుని, "అక్కడోళ్లకు ఆయన పరుగు నేర్పే సారని తెలుసు. అంతే తెలుసు" అన్నడు. అన్నం పెడితే తిన్నడు. తిని, "నా మెడల్స్ బ్లేజరు ఏడున్నది?" అని అడిగిండు.

అక్కడి నుంచి ఆయన వేరే మనిషి అయిండు. బండి కాడ నిలబడే మనిషి మా అందరి కన్న ముందు మెట్లెక్కుడు మొదలు పెట్టిండు. పొద్దుగాల గడ్డం గీసుకుని, బూట్లు తుడుచుకుని, నన్ను లేపేటోడు. ఫౌజుల తనతోని ఉన్నోళ్ల నంబర్లు సంపాదించి ఫోన్లు చేసిండు. వరంగల్ దిక్కు ఒకరు, ఖమ్మంల ఒకరు దొరికిన్రు. పరాయి మనుషులతోని అంతంతసేపు మాట్లాడుతుంటే నాకు సంబురమైంది. ఇన్నేండ్లకు ఈయన నోరు తెరిచిండని మా బిడ్డతోని చెప్పుకున్న. ఒకరోజు బండి మీద పోతుంటే, నడుపుకుంటనే అన్నడు: "ఈసారి అయితది." అయితది అనే మాట ఆయన నోట నేను ఎప్పుడూ వినలే. ఇల్లు కట్టేటప్పుడు కూడ "చూద్దాం" అనే అన్నడు.

కొత్తగ ఒచ్చిన ఒక పెద్దాఫీసరు మేడమ్ మమ్మల్ని లోపటికి పిలిచింది. వయసు ఎక్కువ లేదు. ముందర కంప్యూటర్ల ఏదో చూసుకుంట, "చెప్పండి సార్, మీరే మీ మాటల్లో చెప్పండి" అన్నది. మా ఆయన మధ్యల కూసున్నడు. నేను కుడి పక్కన, అక్క నా పక్కన.

ఆయన చెప్పిండు. ఇన్నేండ్లు ఒకటే కప్పు కింద ఉండి నేను వినని ముచ్చట, ఆ ఆఫీసు గదిల ఫ్యాను కింద విన్న.

"రెండు దిక్కుల తాటాకు దడులు ఉంటయి మేడమ్, నడుమ సందు. సందుకెళ్లి పోతున్నం. దడి ఎనక ఎవలున్నరో కనపడదు, చెట్ల మీద ఎవలున్నరో కనపడదు. ఈ అక్కోళ్ల ఆయన ముందట ఉన్నడు. రోడ్డు కింద పెట్టిన బాంబు పేలింది. నాకు చెవి పోయింది. ఆయనకు రెండు కాళ్లు పోయినయి. కొద్దిసేపు ఉన్నడు. నీళ్లడిగిండు. నేను తాపిన. ఏదో మాట్లాడుతుండె గాని నాకు చెవులు రెండు గుయ్యిమంటున్నయి, ఏం మాట్లాడిండో వినపడలే. పెదవులు కదిలేది చూసిన, అంతే."

మేడమ్ కంప్యూటరు దిక్కు చూసుడు ఆపింది.

"తర్వాత ఆయనను తీసుకపోనీకి హెలికాప్టరు దిగలే, కాల్పులయితున్నయి. అక్కడ ఒక బడి ఉండె. అండ్లనే మేము ఉన్నం. రోజులు ఆగినం. ఎన్ని రోజులో ఎవనికీ యాది లేదు. పొద్దు పొడిచింది, మునిగింది, గదే తెలుసు. ఇగ వాసన ఒస్తుంటే, ఉస్తాద్ చెప్పిండు కాష్ఠం పేర్చమని. కట్టెలు లేవు. బడి బల్లలు పలగ్గొట్టి పేర్చినం."

అక్క మెల్లగ ముందుకు ఒంగింది.

"బడి బల్లలా తమ్మీ?"

"ఆఁ అక్కా."

"చిన్నపిల్లలు కూసునేటివా?"

"ఆఁ. చిన్నయే. పేర్లు గీకి ఉండె వాటి మీద, వాళ్ల భాషల."

అక్క మళ్ల ఎనకకు కూసున్నది. కొంగు తీసుకుని నోటికి అడ్డం పెట్టుకోలే, ఏడవలే. "సరిపోయినయా?" అని అడిగింది.

"సరిపోయినయి అక్కా," అన్నడు మా ఆయన. సరిపోయినయో లేదో నాకు తెల్వదు. ఆయన గొంతు వింటే సరిపోలేదనే అనిపించింది.

మేడమ్ కండ్లు తుడుచుకున్నది. దొంగ ఏడుపు కాదది. "నా చేతిలో ఉన్నంత వరకు నేను చేస్తాను. మన దగ్గర మటుకు ఒక రోజు పెడదాం" అన్నది. ఏ రోజు పెట్టాలని అడిగింది. మా ఆయన అక్క దిక్కు చూసిండు. అక్క, "మీరు ఏ రోజంటే అదే మేడమ్" అన్నది. మేడమ్ కింది సారును పిలిపించి, హాలు ఎప్పుడు ఖాళీ ఉందో అడిగింది. దసరా దాటినంక ఒక తారీఖు ఉందన్నడాయన. అదే ఖాయమైంది.

ఆ నెల మా ఇల్లు పెండ్లి ఇల్లు లెక్క ఉండె. అక్క కోసం నేను కొత్త జాకెట్టు కుట్టిన. ఆమె హాస్టల్‌ల పిల్లలందరికీ చెప్పుకున్నది. అయ్యగారి దగ్గరికి పోయి, ఇంక నా మొగని తారీఖు ఇది, పెత్రమాసకు రాను అని చెప్పొచ్చింది. వరంగల్ నుంచి, ఖమ్మం నుంచి మా ఆయన దోస్తులు ఒచ్చిన్రు. ఒకాయనకు ఒక కాలు కట్టెది.

హాల్ల బ్యానరు కట్టిన్రు. దినోత్సవం అని పెద్ద అక్షరాలతోని రాసి ఉండె. ఎనక బొమ్మ మంచు కొండలది. ఆ దీవిల మంచు ఎక్కడిదని కట్టెకాలాయన నవ్విండు. పోనీ తియ్, రాసిన్రు గద అన్నం మేము. పెద్దలు ఆలస్యంగ ఒచ్చిన్రు. యాంకరు పిల్ల మైకు తీసుకుని, "శ్రీలంకపై ఘన విజయం సాధించిన మన వీర సైనికులు" అని మొదలు పెట్టింది. మా ఆయన కుర్చీల నుంచి లేచి "కాదు" అన్నడు. తన గొంతు ఎంత పెద్దగ ఒస్తుందో ఆయనకు తెల్వదు, హాలంత వినపడ్డది. ఆ పిల్ల బెదిరి, మాట్లాడతడేమో అనుకుని మైకు చేతికిచ్చింది.

"మేము గెలువలేదమ్మా," అన్నడు మైకుల. "పొమ్మంటే పోయినం. రమ్మంటే ఒచ్చినం. కొంతమంది రాలే."

ఇంకేదో చెప్పాలని నిలబడ్డడు. మైకు ఇచ్చేసి కూసున్నడు. అందరు చప్పట్లు కొట్టిన్రు. తర్వాత శాలువలు కప్పిన్రు. అక్కను స్టేజీ మీదికి పిలిచి, ఆమె మొగని పేరు మైకుల చదివిన్రు. ఆ పేరు అంత గట్టిగ ఎవరన్న పిలుసుడు ఆమె ఎన్నేండ్లకు విన్నదో. కిందికి దిగి ఒచ్చి నా చెయ్యి పట్టుకున్నది. "మంచిగ చదివిన్రు చెల్లె, తప్పు లేకుండ చదివిన్రు" అన్నది. ఆ రోజు ఆమె మొకం నేను మరిచిపోను. అబద్ధం ఎందుకు చెప్పాలె, ఆ ఒక్క రోజు బాగుండె.

మరుసటేడు దసరాకు వారం ముందే మా ఆయన ఆఫీసుకు పోయిండు, ఏర్పాట్లు అడగనీకి. నేను కూడ పోయిన. మేడమ్‌కు బదిలీ అయింది. ఆమె జాగల ఒచ్చినాయన మర్యాదగనే కూసోబెట్టి, మనుషులతోని వెతికించిండు. వెతికించి చెప్పిండు: "రోజు ప్రకటించినట్టు ఎక్కడా లేదు సార్. ప్రోగ్రాం జరిగినట్టు ఉంది."

"రెండిటికి ఫరక్ ఏంది సార్?" అన్నడు మా ఆయన.

"ప్రోగ్రాం అంటే ఆ ఏడాది చేసిన కార్యక్రమం సార్. అయిపోయింది. రోజు అంటే ప్రతి ఏడు చేయాలి, దానికి పైనుంచి ఆర్డరు రావాలి."

"బ్యానరు మీద దినోత్సవం అని ఉండె."

"బ్యానరు మీద ఉంటది సార్," అన్నడాయన. మర్యాదగనే అన్నడు.

మా ఆయన లేచి నమస్తే పెట్టిండు. బయటికొచ్చి బండి తాళం జేబుల వెతుక్కున్నడు, తాళం బండికే ఉండె. నేను మేడమ్‌కు ఫోన్ చేద్దామన్న. చేసినం. ఆమె ఎత్తింది, బాధపడ్డది, మాట్లాడతనన్నది. ఏం మాట్లాడిందో, మాట్లాడలేదో, మాకైతే ఏమీ రాలే. ఆమె కూడ ఏం చేస్తది, ఎక్కడో వేరే జిల్లాల ఉండి.

ఆ సంగతి అక్కకు నేనే చెప్పిన. హాస్టల్ ఎనక మెట్ల మీద కూసుని విన్నది. విని అడిగింది: "మరి ఇప్పుడు అయ్యగారికి నేను ఏ తారీఖు అని చెప్పాలె?"

"ఆ హాలు తారీఖే పెట్టుకో అక్కా, ఒకసారి చదివిన్రు గద" అన్న.

"ఒద్దు," అన్నది. "టెలిగ్రాం ఒచ్చిననాడు ఒకసారి సచ్చిపోయిండు. ఉస్తాద్ ఒచ్చి చెప్పిననాడు ఒకసారి. ఇప్పుడు ఇదొకటి. నాతోని కాదు చెల్లె."

ఆ ఏడు పెత్రమాస అప్పటికే దాటిపోయింది. ఆ ఏడు ఆయనకు ఎవరూ బియ్యమియ్యలే. మరుసటేడు నుంచి ఆమె మళ్ల అందరితోని కలిపి ఇచ్చుడు మొదలు పెట్టింది. తర్వాత మోకాళ్లు అరిగి నిలబడి వండలేక, నల్లగొండ దిక్కు బిడ్డ దగ్గరికి పోయింది. మేమే ఎల్‌బీ నగర్‌ల బస్సెక్కిచ్చినం. కిటికీల నుంచి మా ఆయనతోని, "నువ్వు పానం మంచిగ చూసుకో తమ్మీ, ఇగ తిరగకు" అన్నది.

ఆయన తిరుగుడు మానేసిండు. తిరుగుడే కాదు, చానా మానేసిండు. ఫౌజు దోస్తులు ఫోన్ చేస్తే మొదట ఎత్తేటోడు, తర్వాత ఎత్తకపోయేటోడు, ఇప్పుడు వాళ్లే చేస్తలేరు. నిద్రల దడుసుకుని లేస్తడు. ఆ ఆఫీసుల ఆ ముచ్చట చెప్పినప్పటి సంది మొదలైంది ఇది. ఇన్నేండ్లు లోపట మూట కట్టి పెట్టుకున్నది ఇప్పి, నలుగురి ముందట పరిచిండు. చూసినోళ్లు చూసి ఎవల పని మీద వాళ్లు పోయిన్రు. మళ్ల మూట కట్టుడు ఆయనతోని అయితలేదు. దవాఖానల చూపిస్తే గోలీలు రాసిన్రు. గోలీలకు నిద్రొస్తది గాని, పొద్దుగాల లేచినంక మొకం నిద్రపోయినోని లెక్క ఉండదు.

ఒక్కోసారి అనుకుంట. ఆయన "చెప్తే ఏమైతది" అని చాయ్ గ్లాసు కింద పెట్టిన రోజులల్ల ఆయనకు ఏ ఆశ లేకుండె. కానీ తిన్నడు, పండుకున్నడు, మనుమరాలిని ఎత్తుకుని ఆడిపిచ్చిండు. ఆశ పుట్టినంకనే ఖరాబైంది. ఉస్తాద్‌ను తిట్టుకుందామంటే మనసొప్పదు. ఆయన అడిగిందాంట్ల తప్పేమున్నది? మేడమ్‌ను తిట్టుకుందామంటే, అందరిల ఆమె ఒక్కతే కండ్లు తుడుచుకున్నది. ఎవల మీద కోపం తెచ్చుకోవాలెనో కూడ సమజ్ కాదు నాకు. గదే అన్నిటికంటే కష్టం.

పోయిన నెల ఒక ఫోనొచ్చింది. కరీంనగర్ నుంచి ఒకాయన, ఆయన కూడ ఆ దీవికి పోయొచ్చినోడే. రాష్ట్రం మొత్తంల ఉన్నోళ్లను కూడగట్టి, ఒక రోజు కోసం మళ్ల అడుగుదామని అనుకుంటున్నరట. "సార్‌ను ఒక్కసారి మీటింగుకు రమ్మనున్రి అమ్మా, పాతోళ్లు ఉంటే మాకు బలం" అన్నడు. గొంతుల మంచి ఉషారుంది. ఒక్క నిమిషం అని చెప్పి, ఫోను చేతితోని మూసి, వాకిట్ల మొక్కలకు నీళ్లు పడుతున్న ఆయన దగ్గరికి పోయి మీటింగు ముచ్చట చెప్పిన.

ఆయన పైపు పక్కకు తిప్పి విన్నడు. "రాలేనని చెప్పు" అన్నడు.

"ఎందుకని అడిగితే?"

"అడగరు."

ఫోన్ల అట్లనే చెప్పిన. "సరే అమ్మా, ఉంటా" అని పెట్టేసిండు. నేను పోయి కుట్టుమిషను కాడ కూసున్న. ఆయన నల్లా బంద్ చేసి లోపటికొచ్చి, ఎవలు ఎవలు కలుస్తున్నరని గాని, ఎక్కడ కలుస్తున్నరని గాని నన్ను అడగలే. నేను కూడ చెప్పలే.